రెండో గుక్క లేని రసం

పోయిన నెల జ్వరమొచ్చి తెనాలిలో ఒక నర్సింగ్ హోములో రెండు రోజులు పడుకున్నాను. సెలైన్ ఎక్కించారు. ఏమీ తోచక ఆ గొట్టంలో పడే చుక్కలకేసి చూస్తూ, చేతి గడియారం విప్పి దిండు మీద పెట్టుకుని, నిమిషానికి ఎన్ని పడుతున్నాయో లెక్కపెట్టడం మొదలుపెట్టాను. డ్యూటీలో ఉన్న నర్సు పిల్ల అది చూసి, స్పీడు ఎక్కువైందని భయపడుతున్నానేమో అనుకుంది. భయం కాదమ్మా, అలవాటు అన్నాను. ఈ అలవాటు ఎక్కడా వినలేదన్నట్టు చూసి నా జ్వరం మళ్ళీ కొలిచింది.

ఆ అలవాటు నాకు రేపల్లెలో అంటుకుంది. అంటించినావిడ కిందటి వానాకాలంలో పోయారు. అక్కడి స్కూల్లో నాతో పనిచేసిన టీచరు ఎందుకో ఫోను చేసి, వేరే మాటల మధ్యలో ఆ కబురు చెప్పింది. ఫోను పెట్టేసి కాసేపు ఏడ్చాను. తరవాత నవ్వొచ్చింది. ఆవిణ్ణి తలుచుకుంటే ఏడుపు ఎక్కువసేపు నిలవదు.

రేపల్లెలో అందరూ ఆవిణ్ణి సిస్టరుగారు అనేవాళ్ళు. మిషను ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. పొట్టిగా, గట్టిగా, ఎప్పుడూ తెల్ల చీరలో ఉండేవారు. చీర భుజం మీద పిన్నుతో గుచ్చిన గడియారం తలకిందులుగా వేలాడుతూ ఉండేది. నేను లెక్కల టీచరుగా బదిలీ మీద అక్కడికి వెళ్ళినప్పుడు, ఆవిడ ఇంటి మేడ మీద గది అద్దెకుందని ఎవరో చెప్పారు. మాట్లాడటానికి వెళితే ఆవిడ రెండే ప్రశ్నలడిగారు. తలుపులు ధడేల్మని వేస్తావా, అగరొత్తులు వెలిగిస్తావా అని. మొదటిది లేదన్నాను. రెండోది లేకుండా మా ఇంట్లో తెల్లవారదండీ అన్నాను. ఆలోచించి, అయితే ఫిబ్రవరి నించి ఈస్టరు దాకా దేవుడి పటం వెనక వైపు గదిలో పెట్టుకో అన్నారు. ఇదేం మతం పట్టింపు అని లోపల్లోపల చిర్రెత్తింది. మతం కాదు, మెట్ల కింద చిన్న గదిలో ఉండే జాడీ కోసమని ఆ చలికాలం వెళ్ళాక గాని తెలియలేదు.

ఆవిడ వాళ్ళ చర్చికి ద్రాక్షరసం చేసేవారు. ఈస్టరుకీ క్రిస్మస్‌కీ ప్రభువు బల్ల దగ్గర మోకరించిన ప్రతి మనిషికీ చిన్న రొట్టె ముక్క, దాంతో ఒక గుక్క రసం ఇస్తారు. ఆ గుక్క ముప్పై ఏళ్ళుగా సిస్టరుగారి మెట్ల కింద గదిలోంచే వెళుతోంది. ఎవరైనా దాన్ని వైన్ అంటే ఆవిడకి నచ్చేది కాదు. వైన్స్ అని బోర్డు పెట్టుకున్న కొట్లో బ్రాందీ అమ్ముతారని, తన గదికి బోర్డు లేదని అనేవారు.

రేపల్లెలో ద్రాక్ష పండదు. ఏటా ఒక శనివారం తెల్లారగట్ల పాసింజరెక్కి తెనాలి వెళ్ళి తెచ్చుకోవాలి. మొదటి ఏడాది నేనూ వెంట వెళ్ళాను. మాది తెనాలే. ఏ వస్తువైనా, ఏ పనైనా తెనాలివాళ్ళకే బాగా తెలుసని మాకు చిన్నప్పటినించి ఒక నమ్మకం. అందుకని ఏ బండి దగ్గర ఆగాలో నేనే చూపిస్తానని ముందు నడిచాను. బండివాడు తేనెలా ఉంటాయి మామ్మగారూ అని ఒక నల్ల పండు చేతిలో పెట్టాడు. ఆవిడ పండు నోట్లో వేసుకుని, గుజ్జు సంగతి పట్టించుకోకుండా, గింజల్ని అరచేతిలోకి ఊసి వాటిని వెలుగులో తిప్పి చూశారు. పచ్చగా ఉన్నాయి. రుమాల్లో చుట్టుకుని పక్క బండికి నడిచారు. అక్కడా అంతే. మూడో బండివాడు, పండు తింటారా గింజ తింటారా అని వేళాకోళమాడాడు. ఆవిడ నవ్వి, తీపి కావాలంటే కిరాణా కొట్లో పంచదార ఉంది, ముదిరిన గింజ ఏ కొట్లో ఉందో చెప్పమన్నారు. అయిదో బండి దగ్గర గింజ కాఫీ రంగులో కనపడింది. రెండు సంచులు నింపించారు. రైల్లో ఒకటి ఆవిడ ఒళ్ళో, ఒకటి నా ఒళ్ళో. కింద పెట్టనివ్వలేదు. రేపల్లె చేరేసరికి నా కాళ్ళు తిమ్మిరెక్కి ప్లాట్‌ఫారం మీద దిగడానికి ఎవరో చెయ్యందించాల్సి వచ్చింది.

ఆ పళ్ళని ఒక్కొక్కటీ తడిగుడ్డతో తుడవాలి. నీళ్ళలో ముంచి కడిగితే తొక్క మీద ఉండే బూడిదలాంటి పొడి పోతుంది, ఆ పొడే రసాన్ని పులియబెట్టేది అనేవారు. తరవాత చేత్తోనే పిసకాలి. మిక్సీలో వేస్తే పది నిమిషాల పని కదండీ అంటే, మిక్సీ గింజని పగలగొట్టి చేదు కక్కిస్తుందన్నారు. జాడీలో పోసి, కాస్త పంచదార వేసి, మూతికి పలచటి గుడ్డ కట్టేవారు. చెక్కా లవంగం వేస్తారని ఎక్కడో విన్నానంటే, అది బిరియానీ అన్నారు. పొద్దునా సాయంత్రం పైకి తేలిన తొక్కల్ని చెక్క తెడ్డుతో కిందికి అదమాలి. పది రోజులకి వడగట్టి పెద్ద గాజుసీసాలోకి మార్చాలి. ఆ సీసా బిరడాకి కంత పెట్టి సెలైన్ గొట్టం దూర్చి, రెండో కొస నీళ్ళ గ్లాసులో ముంచేవారు. లోపలి గాలి బుడగలు బుడగలుగా ఆ నీళ్ళలోంచి బయటికి వచ్చేది.

ఇంక అక్కణ్ణించి ఆవిడ మళ్ళీ డ్యూటీలో ఉన్నట్టే. సీసా పైన మేకుకి ఆసుపత్రిలో మంచానికి కట్టినట్టు ఒక అట్ట వేలాడేది. దాని మీద తేదీ, పూట, గది వేడి, నిమిషానికి బుడగలెన్ని అన్నీ రాసి ఉండేవి. పక్కన ఆవిడ చేతిరాతలో చిన్న చిన్న ముక్కలు. హుషారుగా ఉంది. మబ్బు పట్టింది, కాస్త డీలా. రాత్రి బాగా నిద్రపోయింది. ఆవిడ కూచునే ఎత్తుపీట ఒకటుండేది. దాని మీద కూచుని, భుజం మీది గడియారం పైకెత్తి పట్టుకుని, కళ్ళు గ్లాసు మీదే ఉంచి పెదాలు కదపకుండా లెక్కపెట్టేవారు. మధ్యలో ఎవరు పిలిచినా పలికేవారు కాదు. నేను స్కూలుకి వెళ్ళేముందు ఆ గదిలోకి తొంగిచూసి, ఎంతండీ అనేదాన్ని. నలభై రెండు అనేవారు. నాలుగు రోజులు పోయాక నేనే పీట పక్కన నేల మీద కూచుని నా గడియారంతో లెక్కపెట్టడం, ఇద్దరి లెక్కా కలవకపోతే దెబ్బలాడుకోవడం మొదలైంది.

ఇంకో విచిత్రం చెప్పాలి. జాడీ పెట్టిన రోజునించి సీసాల్లో నింపేదాకా ఆవిడ వెల్లుల్లి తినరు, ఇంగువ తినరు, ఆవకాయ కంటపడనివ్వరు. పొద్దున్నే కాఫీ కూడా మానేసేవారు. చప్పిడి పప్పు, పెరుగన్నం. ఆ రోజుల్లో వాళ్ళకి ఎలాగూ ఉపవాసాల కాలమే గాని, ఈవిడ ఉపవాసం నాలిక్కి కాదు, ముక్కుకి. గుంటూరు జిల్లాలో పుట్టి రెండు నెలలు ఆవకాయ లేకుండా ఎలా బతుకుతారండీ అని నేను ఏడిపించేదాన్ని. జ్వరం కొలిచే కర్ర తుడవకుండా ఇంకొకళ్ళ నోట్లో పెడతామా, రసాన్ని కొలిచేది నా ముక్కే కదా అనేవారు.

ఒకసారి ఉండబట్టలేక, ఇంత చేస్తారు, అంతా కలిపి మనిషికి ఒక గుక్కేగా, దానికింత ఎందుకండీ అని అడిగాను. ఆవిడ నిదానంగా చెప్పారు.

"ఒక్క గుక్కే కాబట్టే అమ్మాయ్. గ్లాసుడు తాగేవాడికి మొదటిది బాగాలేకపోతే రెండోదుంది. వీళ్ళకి రెండో గుక్క లేదు. పైగా పరగడుపున వస్తారు. పొలం పనులకెళ్ళేవాళ్ళు, దూరాన్నించి బస్సెక్కి వచ్చేవాళ్ళు, మంచినీళ్ళు కూడా ముట్టకుండా వస్తారు. ఆ రోజు వాళ్ళ నోటికి మొట్టమొదట తగిలేది నేను చేసిందే."

మరి మంచి రసం చెయ్యడంలో కిటుకేంటి అంటే మాత్రం ఒప్పుకునేవారు కాదు. తను చేసేదేమీ లేదనేవారు. కాన్పు తల్లిది, మేం పక్కన నిలబడేవాళ్ళం, నిలబడటం కూడా నేర్చుకుంటే గాని రాదు, అంతే అనేవారు. తొందరపెట్టి కదిపినా తప్పే, వదిలేసి పోయినా తప్పే. ఆ రెంటి మధ్యా పీటేసుకుని కూచోవడమే ఆవిడ విద్య.

చర్చిలో ఒక పద్ధతుంది. రసం గురించి ఎవరూ మాట్లాడరు. బల్ల దగ్గర తీసుకుని, తల వంచుకుని వెనక్కి వచ్చి కూచుంటారు. బాగుందనీ బాగాలేదనీ అనడానికి అది సాంబారు కాదు కదా. ఆ మాట సిస్టరుగారే నాకు చెప్పారు. చెప్పి ఊరుకుంటే బాగుండేది. ఒక సాయంత్రం బుడగలు లెక్కపెట్టడం అయిపోయాక, అట్ట మీద రాస్తూ రాస్తూ ఆగి, "ముప్పై ఏళ్ళయింది. మంచో చెడ్డో ఒక్క మాట ఎవరూ అనలేదు. అనకూడదని నాకూ తెలుసు. అయినా చెవి అటే ఉంటుంది" అన్నారు.

నేను వెళ్ళిన రెండో ఏడాది చర్చికి కొత్త సెక్రటరీగారు వచ్చారు. రిటైరైన గుమాస్తా, పద్ధతైన మనిషి. కొట్లో సీసాల్లో దొరికే ద్రాక్షరసం తెప్పించుకుంటే ఈ తుడవడాలు, పిసకడాలు, వయసు మీదపడిన మనిషిని కష్టపెట్టడాలు ఉండవు కదా అని ఆయన వాదన. సిస్టరుగారు ఒప్పుకోలేదు. సరే, ఈ ఒక్క ఏడూ చూద్దామని కమిటీ అంది. అంటే ఆ ఏడు రసం బాగా కుదరకపోతే మెట్ల కింద గది ఖాళీ.

ఆ ఏడే ఆవిడ తెనాలి స్టేషన్లో జారిపడ్డారు. పళ్ళ సంచులు రెండూ పైకెత్తి పట్టుకుని పడ్డారు. పళ్ళకేమీ కాలేదు గాని కుడి మణికట్టు విరిగింది. కట్టు కట్టించుకుని ఇంటికొచ్చేసరికి బాపట్ల నించి చెల్లెలు వచ్చి, వంటా వార్పూ ఎలా చేసుకుంటావంటూ పట్టుకుపోయింది. వెళుతూ వెళుతూ ఆవిడ ఆ రెండు సంచులూ నాకు అప్పగించారు. మీ మతం కాని దాన్ని, నేను చెయ్యొచ్చా అని అడిగాను. చేతులు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కో, గోళ్ళు తీసుకో, అంతకుమించి పళ్ళు ఏమీ అడగవన్నారు.

నాకు గొప్ప ఉత్సాహం వచ్చింది. ఆ ఉత్సాహంలో జాడీ కడుగుతూ కుళాయికేసి కొట్టి పగలగొట్టాను.

ఇప్పుడు తలుచుకున్నా ఆ చప్పుడు చెవిలో వినిపిస్తుంది. ఆవిడకి ఫోను చేసి చెప్పాలి కదా. చెప్పలేదు. తరవాతి రైలెక్కి తెనాలి వెళ్ళి మా అమ్మ దగ్గరున్న పెద్ద ఆవకాయ జాడీ పట్టుకొచ్చాను. మూడేళ్ళుగా ఖాళీగా ఉన్నదే. అమ్మ చింతపండుతో తోమింది, మరిగే నీళ్ళు పోసింది, మిట్టమధ్యాహ్నం ఎండలో పెట్టింది. తల లోపలికి పెట్టి వాసన చూసి ఏమీ లేదంది. నేనూ తల పెట్టి చూశాను. ఏమీ లేదు. మా ఇంట్లో పుట్టిన ముక్కులకి ఆవకాయ వాసన కాదు, గాలి. ఆ సంగతి మా ఇద్దరిలో ఒక్కళ్ళకీ తట్టలేదు.

పది రోజులూ పొద్దునా సాయంత్రం బాపట్ల నించి ఫోను. పొంగిందా, తొక్కలు పైకి తేలాయా, ఎన్ని వేళ్ళ మందం తేలాయి. అన్నీ నిజమే చెప్పాను. జాడీ బాగుందా అని ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు. వడగట్టే రోజుకి కట్టు చేత్తోనే వచ్చేశారు. గదిలోకి వచ్చి కొత్త జాడీని చూశారు. గుడ్డ విప్పించి ఒక్కసారి గాలి పీల్చారు. నా మొహంలోకి చూసి, "మీ ఇంట్లో వెల్లుల్లి వేసే పెడతారన్నమాట" అన్నారు.

అంతా చెప్పేశాను. పగలగొట్టింది, తెచ్చింది, దాచింది. ఆవిడ కోప్పడతారని ఎదురు చూస్తే పీట మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టారు. కట్టు చెయ్యి అదిరి నొప్పి పుట్టి, నవ్వు ఆపలేక, నొప్పి ఆపలేక కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఖాళీ జాడీ కడిగేటప్పుడు వాసన బయటపెట్టకుండా ఊరుకుంటుందట. రసం పులిసేటప్పుడు పుట్టే మత్తు మాత్రం గోడల్లో ఇంకిన నూనెని పట్టుకుని బయటికి లాగుతుందట. పారబోసెయ్యమంటారా అన్నాను. పాపం దాని తప్పేముంది, రోగిని మధ్యలో వదిలేస్తామా అని గాజుసీసాలోకి వడగట్టించారు. అట్ట కట్టించారు. పుట్టు వాసన, తగ్గుతుందేమో చూడాలి అని నా చేత రాయించారు. వాసన తగ్గలేదు. ఆవిడ చెప్పగా చెప్పగా చివరికి నా ముక్కుకీ కాస్త అందింది.

ఈస్టరు ఇంకా మూడు వారాలుందనగా కమిటీ రుచి చూసే రోజు వచ్చింది. సెక్రటరీగారింట్లో పెద్దలు అయిదుగురూ మధ్యాహ్నం భోజనాలు చేసి వరండాలో కూచున్నారు. సిస్టరుగారు ముందుగా ఏమీ చెప్పకుండా చిన్న గ్లాసుల్లో పోయించారు. సీసా పట్టుకోవడానికి నేనూ వెళ్ళాను. ఒకాయన తాగి కళ్ళు మూసుకున్నాడు. ఇంకొకాయన, ఈసారి ఘాటుగా బ్రహ్మాండంగా కుదిరిందండీ అన్నాడు. సెక్రటరీగారు కూడా ఒప్పుకున్నారు, ఇలా ఉంటే సీసాలు అక్కర్లేదని. అయిదుగురి భోజనంలోనూ ఆవకాయ ఉందని వరండా పక్కన పడేసిన వాళ్ళ ఆకులు చూస్తేనే తెలుస్తోంది.

నేను గెలిచాం అనుకున్నాను. ఇంటికి వచ్చాక ఆవిడ కాళ్ళు కడుక్కుని, ఆ గదిలోకి వెళ్ళి పీట మీద కూచున్నారు. ఆవిడ దిగాలుగా ఉండటం నేను చూసింది ఆ ఒక్క సాయంత్రమే.

"ముప్పై ఏళ్ళు ఎవరికోసం చేశానమ్మాయ్?" అన్నారు.

మాట మార్చడానికి, వాళ్ళకి నచ్చిందిగా, ఇదే పోసెయ్యండి, ఎవరికీ తెలీదు అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు.

"ఒంటి మీద తెలివి లేని మనిషికి ఇంజెక్షను చేసేటప్పుడు కూడా సూది మరగబెట్టేవాళ్ళం. వాడికి తెలుస్తుందనా?"

మర్నాడు పొద్దున్నే సెక్రటరీగారి దగ్గరికి వెళ్ళి, ఆ రసంలో ఆవకాయ ఉందని, అది బల్ల మీదికి రాదని చెప్పేశారు. తప్పు జాడీదే అన్నారు గాని నా పేరెత్తలేదు. నేనే ఎత్తుకున్నాను. ఆయన మొహం చిన్నబోయింది. బ్రహ్మాండం అని ఒప్పుకున్న మనిషి కదా. సరే అయితే సీసాలు తెప్పిస్తానన్నారు. సిస్టరుగారు, తన దగ్గర నిరుటి రసం రెండు సీసాలున్నాయి అన్నారు. మంచం దిగలేని రోగులకి ఇంటికి తీసుకెళ్ళి ఇవ్వడానికి ఏటా దాచి ఉంచేవే. రెండు సీసాలు రెండొందల యాభై మందికి ఎలా చాలుతాయండీ అని ఆయన అడిగారు. మోతాదు నేను చూసుకుంటానన్నారు ఈవిడ. చివరి బెంచీ దాకా రాకపోతే మాత్రం వచ్చే ఏడు నించి కొట్టు సీసాలే అని ఆయన ఖాయం చేసేశారు.

లెక్క నేనే చేశాను. మనిషికి అయిదు మిల్లీలీటర్లు. రోగులకి కూడా కాస్త మిగులుతుంది. ఈస్టరు ముందురోజు సాయంత్రం, సూది తీసేసిన కొత్త సిరంజిలు మరిగించి, చిటికెనవేలంత గాజు కప్పులు పళ్ళాల్లో బారులు తీర్చి కూచున్నాం. ఆవిడ చెయ్యి ఇంకా స్వాధీనం కాలేదు. నేను సిరంజితో తీసి కప్పులో వదులుతుంటే, ఆవిడ నా భుజం మీంచి చూస్తూ, గాలి బుడగ వచ్చింది మళ్ళీ తియ్యి, గీత మీదికి రాలేదు మళ్ళీ తియ్యి అని ప్రాణం తీశారు. నూటయాభై దాటాక నా బొటనవేలు వాచింది. ఆవిడ కనికరించలేదు.

పండగనాడు నేను కూడా చర్చికి వెళ్ళి వెనక కూచున్నాను. పాస్టరుగారు, ఈసారి రసం కొంచెమే ఉంది, అందరికీ అందుతుందని మాత్రం చెప్పారు. నిరుటిదనిగాని, ఎందుకు కొంచెమైందనిగాని చెప్పలేదు. బారులు బారులుగా వెళ్ళి తీసుకుంటున్నారు. మామూలుగా గుటుక్కుమని మింగేసేవాళ్ళు. ఈసారి మింగడానికి అక్కడేముంది? నాలిక మీదే ఆగిపోయింది. నోరు మూసుకుని, మెల్లిగా నడుస్తూ వెనక్కి వస్తున్నారు. చివరి బెంచీ కూడా వెళ్ళొచ్చింది. పళ్ళెంలో పదకొండు కప్పులు మిగిలాయి. నేను అంత దూరాన్నించీ లెక్కపెట్టాను.

ఆరాధన అయ్యాక ఆవరణలో బన్నూ టీ ఇచ్చారు. సెక్రటరీగారు వచ్చి, చాలిందండీ, మీరు గట్టివారు అన్నారు. ఆవిడ సరేనన్నారు గాని మొహంలో సంతోషం లేదు. చాలడం గురించి కాదు కదా ఆవిడ బాధ. అందరూ వచ్చి కరచాలనం చేసి, హ్యాపీ ఈస్టర్ చెప్పి వెళుతున్నారు. రసం మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తరని నాకూ తెలుసు. అయినా ఆ రోజు నా చెవి కూడా అటే ఉంది.

అప్పుడొక ముసలామె వచ్చింది. అడవులదీవి అనే పల్లెటూరి మనిషి. పొలం పనులకెళుతుంది, పండగలకి మాత్రం బస్సెక్కి ఈ చర్చికి వస్తుంది. ఇందాక చివరి బెంచీలో నా పక్కనే కూచుంది. టీ కూడా తీసుకోకుండా తిన్నగా సిస్టరుగారి దగ్గరికి వచ్చి, ఆ కుడి చేతికేసి చూసింది.

"ఏంటి సిస్టరమ్మా, ఒంట్లో బాగోలేదా?"

ఎందుకలా అడిగావన్నారు సిస్టరుగారు.

"నిరుటి రసం పోశారుగా. ఈ యేడు పెట్టుకోలేకపోయారంటే ఏమైందో ఏంటోనని."

సిస్టరుగారు చేతిలో టీ కప్పు నాకిచ్చేశారు. నిరుటిదని నీకెవరు చెప్పారు అని అడిగారు.

"ఒకళ్ళు చెప్పాలేంటమ్మా. నిరుడు పండక్కి వగరుండేది. ఇప్పుడు ఆ వగరు పోయింది గాని అదే. ముందటేడుది తియ్యంగుండేది. మా మనవరాలికి బాప్తిస్మమైన యేడుది ఇంకా మంచిది."

"మరి ఇన్నేళ్ళలో ఒక్కసారైనా చెప్పలేదే?"

"చెప్పకూడదు గదమ్మా," అంది ముసలామె, అంతమాత్రం తెలీదా అన్నట్టు.

సిస్టరుగారు, పరీక్ష రాసొచ్చిన పిల్ల మార్కులడిగినట్టు, నిరుడు వగరు మరీ ఎక్కువైందా అని అడిగారు.

"ఎక్కువేనమ్మా," అంది ముసలామె.

ఆ మాటకి ఆవిడ మొహం వెలిగిపోయింది. ముప్పై ఏళ్ళకి ఒక మనిషి తప్పు పట్టింది. పక్కనే నిలబడి వింటున్న సెక్రటరీగారు మెల్లిగా అవతలికి వెళ్ళారు, నేను ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఆయన నోట మళ్ళీ కొట్టు సీసాల మాట రాలేదు. సిస్టరుగారు ఎడం చేత్తో ఆమె చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చర్చి మెట్ల మీద కూచోబెట్టారు. తనూ పక్కన కూచుని, ఏ యేటి రసంలో ఏం తేడా వచ్చిందో ఒక్కొక్కటే అడిగి చెప్పించుకోవడం మొదలుపెట్టారు. ఇద్దరికీ బన్నులు తెచ్చిపెట్టాను, ముట్టుకోలేదు. అడవులదీవి బస్సు వెళ్ళిపోయింది. దాని తరవాతది కూడా వెళ్ళిపోయింది. వాళ్ళింకా నాలుగేళ్ళ కిందటి దాకానే వచ్చారు.